ఏమీ మారకుండా థెరపీ పూర్తిచేయడం ఎలా? సైబరాబాద్ ఉద్యోగులకు చిట్కాలు

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆనాటి నుంచి ఈ చుట్టుపక్కల కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ భుజాలు కొద్దికొద్దిగా చెవుల వైపు జరుగుతూ వస్తున్నాయి. మెడ పట్టేస్తుంది. దవడ బిగుసుకుపోతుంది. రాత్రి అమెరికా కాల్ ముగించి లాప్‌టాప్ మూశాక గుండె దడదడలాడుతుంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి ఏమీ లేదంటాడు. అమ్మ ఫోన్ చేసి దిష్టి తీయించుకోమంటుంది. ఇంతలో టీమ్‌లో ఎవరో ఒకరు సోమాటిక్ థెరపీకి వెళ్ళి చూడమంటారు.

శరీరాన్ని ఆధారం చేసుకుని సాగే మానసిక చికిత్స ఇది. మామూలు కౌన్సెలింగ్‌లో ఏం జరిగిందో చెప్పుకుంటారు. ఇక్కడ చెప్పుకుంటూనే ఊపిరి ఎక్కడ ఆగింది, పాదాలు నేలకు ఆనాయా లేదా, ఫలానా పేరు రాగానే చెయ్యి ఎందుకు బిగిసింది అని థెరపిస్టూ మీరూ కలిసి గమనిస్తారు. వారానికోసారి, 50 నిమిషాలు. కొండాపూర్, గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు అపార్ట్‌మెంట్లలో ఒక గది తీసుకుని ప్రైవేటుగా చేసేవాళ్ళే ఎక్కువ.

మీ మేలు కోరి ముందే హెచ్చరిస్తున్నాను. శ్రద్ధగా చేస్తే ఈ పద్ధతిలో మనిషి మారిపోయే ప్రమాదం ఉంది. మారితే శుక్రవారం సాయంత్రం ఆరింటికి వచ్చిన పనికి ‘సోమవారం చూస్తాను’ అనాల్సి వస్తుంది. బావగారికి ఇచ్చిన అప్పు ఎప్పుడు తీరుస్తారని అడగాల్సి వస్తుంది. నిద్ర పట్టేస్తే, నిద్ర లేదన్న సాకు చేజారుతుంది. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న సాకులవి. వాటిలో ఒక్కటీ పోకుండా, థెరపీ చేయించుకున్న పేరూ, సెలవులూ, నలుగురి జాలీ మొత్తం దక్కించుకునే దారి ఒకటుంది. కింద చెప్పిన వరుసలో నడవండి.

1. నొప్పిని చూసి వెళ్ళకండి, క్యాలెండర్‌ను చూసి వెళ్ళండి

అప్రైజల్‌కు మూడు వారాల ముందు మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. రేటింగ్ బాగా వస్తే ‘థెరపీలో ఉండి కూడా ఇంత పని చేశాడు’ అంటారు. తగ్గితే ‘పాపం, థెరపీలో ఉన్నాడు’ అంటారు. రెండు విధాలా మీదే లాభం. పనితీరు మెరుగుపరచుకోమని గడువు పెట్టే పీఐపీలో మిమ్మల్ని పెడుతున్నారని గాలి సోకితే ఇంకా త్వరపడండి. ఆ పూటే బుక్ చేసి, వచ్చిన కన్ఫర్మేషన్ మెయిల్‌ను ‘ఎఫ్‌వైఐ’ అని మేనేజరుకు తోసేయండి. వెళ్ళడం, వెళ్ళకపోవడం తర్వాతి సంగతి.

2. థెరపిస్టును సోఫా చూసి ఎంచుకోండి

ఫొటోలో పసుపు లైటు, మనీ ప్లాంటు, కళ్ళు మూసుకున్న బుద్ధుడు, ఈ మూడూ ఉంటే ఖాయం చేసుకోండి. చదువు సంగతి మాత్రం ఎత్తకండి. ఎత్తారో, చిక్కుల్లో పడతారు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. 1992 నాటి చట్టం అది. నమోదైన ప్రతివాళ్ళకూ ఒక నంబరుంటుంది, అడిగితే చెప్తారు. ‘కోచ్’, ‘హీలర్’ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ నంబరూ అక్కర్లేదు. శరీర పద్ధతుల్లో శిక్షణ దీనికి అదనం. పీటర్ లెవిన్ రూపొందించిన సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ నేర్చుకోవడానికే సుమారు మూడేళ్ళు పడుతుంది.

ఇన్నేళ్ళు చదివిన మనిషి దగ్గర మీ పప్పులుడకవు. పోయిన వారం మీరేం చెప్పారో ఆవిడకు గుర్తుంటుంది. తన కేసుల గురించి తనకన్నా సీనియర్ దగ్గర కూర్చుని సలహా తీసుకుంటుంది. అంటే మీ ఎత్తులకు ఇద్దరు కాపలా. అందుకే శని, ఆదివారాల వర్క్‌షాపులో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళను వెతకండి. వాళ్ళు మిమ్మల్ని మెచ్చుకుంటారు, మీరు వాళ్ళకు ఐదు నక్షత్రాలిస్తారు, పని అయిపోతుంది.

దూరం కూడా చూసుకోవాలి. ఆఫీసు హైటెక్ సిటీలో ఉంటే థెరపిస్టు కనీసం ఊరికి ఆ చివర ఉండాలి. ఎల్‌బీ నగర్ పనికిరాదు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చక్కగా చేరిపోతారు, చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. సైనిక్‌పురి మేలు. అక్కడికి మెట్రో లేదు.

3. ఉచితంగా దొరికేవాటి జోలికి పోకండి

టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఒక సేవ మొదలుపెట్టింది. 14416కు ఫోన్ చేస్తే చాలు. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా అడగరు. టైము లేదు, డబ్బుల్లేవు, మనసులో మాట ఇంగ్లీషులో చెప్పుకోలేను అన్న మూడు సాకుల్నీ ఒక్క ఫోనుకాల్ తుడిచిపెట్టేస్తుంది. ఆ నంబరు ఫోన్లో సేవ్ చేయకండి. చేసేసి ఉంటే ‘కొరియర్’ అని పేరు మార్చండి.

మీ కంపెనీలోనూ ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ ఉండే ఉంటుంది. చేరిన రోజు ఇండక్షన్‌లో చెప్పారు, మీరప్పుడు ఫోన్ చూసుకుంటున్నారు. అలాగే చూసుకుంటూ ఉండండి.

ఎవరైనా సైకియాట్రిస్టు పేరెత్తితే ‘నన్ను ఎర్రగడ్డకు పంపుతారా?’ అని ఒక్క అరుపు అరవండి. ఎర్రగడ్డలో ఉన్నది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అన్న ప్రభుత్వ ఆస్పత్రి. నిద్ర పట్టనివాళ్ళూ, దిగులుతో ఉన్నవాళ్ళూ మామూలుగా ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని ఇంటికి వెళ్ళిపోతుంటారు. ఈ వివరం ఇంట్లో ఎవరికీ చెప్పకండి. ఎర్రగడ్డ పేరు చెప్పగానే మాట ఆగిపోయే హైదరాబాద్ మనకు అనుకూలంగా ఉంది, దాన్ని చెడగొట్టుకోవద్దు. పైగా మీరు ఒంటరి కూడా కాదు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక సమస్యలున్నవాళ్ళలో సమస్య రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మంది చికిత్స దాకా రావడం లేదని తేలింది. ఎక్కువమంది ఉన్నవైపు ఉండటంలో ఒక నిశ్చింత ఉంది.

4. మొదటి రోజు ఇచ్చే కాగితం చదవకుండా సంతకం పెట్టండి

సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ‘ఐ అగ్రీ’ నొక్కే చేతికి ఇది కొత్త కాదు. ఆ కాగితంలో చాలా ఉంటాయి. సెషన్ రద్దు చేసుకోవాలంటే ఎంత ముందు చెప్పాలి, మీరు చెప్పింది ఎవరికీ చెప్పరన్న హామీ, ప్రాణానికి ముప్పుందనిపిస్తే ఆ హామీ ఎక్కడ ఆగుతుంది, అన్నీ రాసి ఉంటాయి. ముఖ్యంగా స్పర్శ సంగతి. ఈ చికిత్సలో చాలామంది అసలు తాకరు. ప్రతిసారీ అడిగి, మీరు సరేనంటే భుజం మీదో అరచేతి కిందో చెయ్యి ఆనించేవాళ్ళు కొందరు. ఏ క్షణంలోనైనా ‘వద్దు’ అనే హక్కు మీది. అలా అనగలగడమే చాలామందికి సగం వైద్యం.

అంచేత చదవకండి. ఏది ఒప్పుకున్నారో తెలియకపోతే దేనికీ ‘వద్దు’ అనాల్సిన అవసరం రాదు. ఏడాది తర్వాత ‘నాకెవరూ చెప్పలేదు’ అనే వీలు కూడా ఉంటుంది.

5. చరిత్ర కొంచెం నేర్చుకోండి, అడ్డం వేయడానికి పనికొస్తుంది

ఈ విద్యకు మూలపురుషుడు విల్‌హెల్మ్ రైక్. ఫ్రాయిడ్ శిష్యుడు. మింగేసిన కోపం, ఆపుకున్న ఏడుపు కండరాల్లో బిగుతుగా నిలిచిపోయి కవచంలా తయారవుతాయన్నాడు. ‘క్యారెక్టర్ అనాలిసిస్’ అన్న ఆయన పుస్తకం 1933లో వచ్చింది. తర్వాత అమెరికా వెళ్ళి, విశ్వశక్తిని పట్టి ఉంచుతాయంటూ మనిషి కూర్చునే పెట్టెలు చేయించాడు. వాటిని పంపిణీ చేయొద్దని కోర్టు చెప్పింది, ఆయన వినలేదు, జైలుకు వెళ్ళి 1957లో అక్కడే చనిపోయాడు. ఆయన శిష్యుడు అలెగ్జాండర్ లోవెన్ పెట్టెలు వదిలేసి, నిలబడటం, ఊపిరి, కాళ్ళ బలం మీద పనిచేస్తూ బయోఎనర్జెటిక్స్ అన్న పద్ధతి తెచ్చాడు. లెవిన్ పుస్తకం ‘వేకింగ్ ద టైగర్’ 1997లో, బెసెల్ వాన్ డెర్ కోల్క్ పుస్తకం ‘ద బాడీ కీప్స్ ద స్కోర్’ 2014లో వచ్చాయి.

ఇంత చాలు. ఇక థెరపిస్టు ‘దవడ ఒక్కసారి వదులుగా వదిలేసి చూడండి’ అనగానే, ‘రైక్ జైల్లో పోయాడు కదండీ?’ అనండి. ఆవిడ మర్యాదస్తురాలైతే జవాబు చెప్తుంది. మధ్యలో లోవెన్ గురించి ఒక ప్రశ్న వేయండి. దవడ ఉన్నచోటే ఉంటుంది, 20 నిమిషాలు గడిచిపోతాయి. చివర పేర్కొన్న పుస్తకం కొని, అట్ట అద్దం తలుపు వైపు ఉండేలా డెస్కు మీద నిలబెట్టండి. ప్లాస్టిక్ కవరు మాత్రం విప్పేయండి, అది ఉంటే దొరికిపోతారు.

6. ఐదింటి అపాయింట్‌మెంట్‌కు ఐదింటికి బయల్దేరండి

బయోడైవర్సిటీ జంక్షన్ దాకా చేరగానే లైవ్ లొకేషన్ పంపండి. మీ పక్షాన సాక్ష్యం చెప్పేది అదే. వాన పడితే మాట్లాడాల్సిన పనే లేదు. గదిలోకి వెళ్ళాక, ఏ ఫ్లైఓవర్ ఎక్కారో, ఎందుకు దిగారో, ఏ సందులోంచి తిప్పితే ఏ గేటు మూసి ఉందో వివరంగా చెప్పండి. 50 నిమిషాల్లో మిగిలిన ముక్కను తర్వాతి చిట్కాలు చూసుకుంటాయి.

7. ఆన్‌లైన్ అయితే మరీ హాయి

శరీరం ఆధారంగా సాగే చికిత్సలో శరీరం కనపడకుండా చూసుకోవడం అన్నిటికన్నా తేలికైన ఉపాయం. కెమెరాను గడ్డం పైకి సర్దండి. నుదురు, కనుబొమలు, వెనకాల గోడ, అంతే. భుజాలు చెవుల దగ్గరున్నాయో, కాలు కింద గడగడా ఊగుతోందో ఆవిడకు తెలియదు. రెండో స్క్రీన్‌లో జిరా టికెట్లు తెరిచి ఉంచండి. కళ్ళు అటూ ఇటూ కదులుతుంటే ‘ఆలోచిస్తున్నాడు’ అనుకుంటుంది. ఆఫీసు వైపు టీమ్స్‌లో పచ్చచుక్క ఆరకుండా మౌస్ జిగ్లర్ పెట్టుకోండి. ఒకే గంటకు ఇద్దర్నీ మోసం చేయగలిగే సౌకర్యం ఇంకెక్కడా దొరకదు.

గదిలో ముఖాముఖి అయితే ఫోన్‌ను వైబ్రేషన్‌లో పెట్టి తొడ మీద బోర్లా ఉంచండి. అది మోగిన ప్రతిసారీ తొడ కండరం గట్టిపడుతుంది. ‘ఇప్పుడు కాలులో ఏదో జరిగినట్టుంది, గమనించారా?’ అని ఆవిడ అడుగుతుంది. ‘ఏం లేదు మేడమ్’ అనండి. స్థిరంగా, ప్రతిసారీ అదే స్వరంతో.

8. ‘ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?’ అన్న ప్రశ్నను దాటడం

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. మిగతావి మరిచినా ఇది మరవకండి.

మీరు మేనేజరు గురించి చెప్తూ ఉంటారు. పోయిన గురువారం మీటింగులో, పదిమంది ముందు, మీ పని మీద ఆయన వేసిన జోకు. నవ్వుతూనే చెప్తారు. చెప్తుండగా కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ లోపలికి దూరి పిడికిలి అవుతుంది. ఊపిరి ఛాతీ మధ్యలో ఎక్కడో నిలబడిపోతుంది. గొంతు ఒకసారి గుటక వేస్తుంది. ఆవిడ కొంచెం ముందుకు వంగి, నెమ్మదిగా, ‘ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదామా? ఇది చెప్తున్నప్పుడు ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తోంది?’ అంటుంది. తొందరేమీ లేదన్నట్టు ఎదురుచూస్తుంది.

ఆ క్షణం నిజంగా ప్రమాదకరమైనది. నాలుగు సెకన్లు ఊరుకుంటే పిడికిలి మీకే కనపడుతుంది. కనపడితే అది బల్ల మీద గుద్దాలనుకుంటోందని తెలుస్తుంది. తెలిస్తే, వచ్చే గురువారం ఆ మీటింగులో నోరు తెరిచి ‘అలా అనకండి’ అని అనేసినా అనేస్తారు.

కాబట్టి వెంటనే నీళ్ళ సీసా అందుకోండి. మూత బాగా బిగిసిన లీటరు స్టీలు సీసా దీనికి శ్రేష్ఠం. తిప్పడానికి కొంత సేపు, తాగడానికి కొంత సేపు, మూత పెట్టడానికి ఇంకొంత. ఆలోగా ఊపిరి మామూలు దారిన పడుతుంది, పిడికిలి సీసా పట్టుకునే పనిలో పడుతుంది. ఆవిడ మళ్ళీ అదే అడిగితే ‘మా నాన్నగారూ ఇంతేనండీ’ అని మొదలుపెట్టండి. పెద్ద కథ ఎత్తుకుంటే చిన్న చెయ్యి మరుగున పడిపోతుంది. అదీ కుదరకపోతే కళ్ళు మూసుకుని, ‘ఛాతీలో టైట్‌గా, హెవీగా’ అని పుస్తకం అట్ట మీది మాటలు అప్పజెప్పండి. అన్ని సెషన్లలోనూ ఛాతీయే చెప్పండి. చోటు మారిస్తే ఆవిడకు ఆసక్తి పుడుతుంది.

9. తెలుగులో మాట్లాడకండి

తెలుగులో నోరు తెరిస్తే కడుపులో దేవినట్టుందనో, కాళ్ళూ చేతులూ ఆడటం లేదనో, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందనో వచ్చేస్తుంది. వచ్చిందంటే ఎక్కడ నొప్పో, ఎలాంటి నొప్పో మీరే చూపించినట్టు. ‘స్ట్రెస్’, ‘బర్నౌట్’, ‘బ్యాండ్‌విడ్త్ లేదు’ దగ్గర ఆగిపోండి. ఆ మాటలకు ఒంట్లో అడ్రసు ఉండదు.

10. మొదటి రోజే వెక్కివెక్కి ఏడిపించమని అడగండి

మంచి థెరపిస్టు నెమ్మదిగా వెళ్తుంది. పాత దెబ్బను ఒకేసారి తెరవదు. కొంచెం దాని అంచుకు తీసుకెళ్ళి, మళ్ళీ అరచేతుల వెచ్చదనం దగ్గరికో, వీపుకు ఆనిన కుర్చీ దగ్గరికో వెనక్కి తెస్తుంది. తట్టుకునే మోతాదు పెరిగేకొద్దీ ఇంకొంచెం ముందుకు. ఒక్కసారిగా తెరిస్తే మనిషి మళ్ళీ ఆ దెబ్బ తిన్నట్టే అవుతుందని ఈ జాగ్రత్త.

దీన్ని ‘సెషన్లు సాగదీస్తోంది’ అని పిలవండి. మీ టీమ్‌లో ఒకరికి రిట్రీట్‌లో గంటలో అన్నీ ‘రిలీజ్’ అయిపోయాయని చెప్పండి. రెండు వారాల స్ప్రింట్‌లో డెలివరబుల్ ఏమిటో అడగండి. ఆవిడ ఒత్తిడికి లొంగి వేగం పెంచితే, ఆ రాత్రి నిద్రపట్టక మర్నాడు సెలవు పెట్టి నింద ఆవిడ మీద వేయొచ్చు. లొంగకపోతే ‘రిజల్ట్స్ లేవు’ అని మానేయొచ్చు.

11. హోంవర్కు

రోజుకు రెండుసార్లు పాదాలు నేలకు ఆనించి కాసేపు కూర్చోమంటుంది. ఆవిడ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకసారి ఆనించండి. ‘చేశాను’ అన్నది అబద్ధం కాదు.

12. రక్తపరీక్షల చీటీని పర్సులోనే ఉంచండి

బాధ్యత తెలిసిన థెరపిస్టు, గుండెదడ, నీరసం, తలతిరుగుడు అనగానే అంతా మనసే అనేయదు. ముందు ఫిజీషియన్‌ను కలవమంటుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డీ చూపించుకోమంటుంది, అవసరమైతే ఈసీజీ. థైరాయిడ్ హెచ్చినా గుండె అలాగే దడదడలాడుతుంది, దానికి మాత్రలు వేరు.

ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, చిల్లర ఉండే అరలో దాచండి. థెరపిస్టు దగ్గర ‘డాక్టరు చూస్తున్నారు’ అనండి, డాక్టరు దగ్గర ‘థెరపీ జరుగుతోంది’ అనండి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు భారం వేసుకుని ఊరుకుంటారు, మధ్యలో మీ దడ మీకు భద్రం.

13. బిల్లు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. శరీర రోగాలకు ఇచ్చినట్టే మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని దాని 21వ సెక్షన్ చెప్తోంది. అయితే కంపెనీ గ్రూపు పాలసీల్లో చాలావరకు ఆస్పత్రిలో చేరితేనే డబ్బులొస్తాయి. ఓపీ ఖర్చులు విడిగా రాసి ఉంటే తప్ప వారం వారం కూర్చుని మాట్లాడినందుకు రావు. ఇది హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెడితే తెలిసిపోయేదే. పెట్టకండి. ఆరో సెషన్ దాకా ఆగి, బిల్లు మీద ‘ఫిజియోథెరపీ’ అని రాసివ్వమని అడగండి. కుదరదంటుంది. నొచ్చుకోండి. డబ్బు మనిషని తోటివాళ్ళతో అనండి. మానేయడానికి ఒక గౌరవప్రదమైన కారణం చేతిలో ఉంచుకోవడం ఎప్పటికైనా మంచిదే.

14. నేర్చుకున్న మాటల్ని ఇంట్లో, ఆఫీసులో ఆయుధాల్లా వాడండి

మీరు ఖర్చుపెట్టిన డబ్బు వసూలయ్యేది ఇక్కడే. కాబట్టి కొంచెం విపులంగా చెప్తాను.

స్టీఫెన్ పోర్జెస్ అన్న శాస్త్రవేత్త 1990ల్లో పాలీవేగల్ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాడు. ముప్పు ఎదురైతే నాడీవ్యవస్థ పోరాటానికో, పారిపోవడానికో సిద్ధమవుతుంది. రెండూ కుదరకపోతే మొద్దుబారి బిగుసుకుపోతుంది. థెరపీ గదిలో ఈ బొమ్మ గీసి చూపించడం మామూలు. శాస్త్రవేత్తల్లో దీని మీద వాదాలున్నాయి, ఆ వాదాలు మనకు అనవసరం. మనకు కావాల్సింది పదజాలం.

గిన్నెలు కడిగే వంతు మీదైన రాత్రి ‘నేను ఇప్పుడు ఫ్రీజ్‌లో ఉన్నాను’ అని సోఫాలో పడుకోండి. మీ ఆవిడ గొంతు పెంచితే ‘నీ టోన్ నా నెర్వస్ సిస్టమ్‌కు సేఫ్‌గా లేదు’ అనండి. ఇంతవరకు ఆమెకు మీ బద్ధకంతోనే తగవు. ఇక మీదట నరాలతో తగవు పడాలి, నరాలతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. పొద్దున స్టాండప్‌లో టికెట్ ఎందుకు కదల్లేదని అడిగితే, ‘రెగ్యులేట్ అవుతున్నాను, రేపటికి అప్‌డేట్ ఇస్తాను’ అనండి. కొత్తగా చేరిన కుర్రవాడి మీద అరిచాక ‘నేను ట్రిగ్గర్ అయ్యాను’ అంటే, క్షమాపణ చెప్పాల్సింది వాడే అన్నట్టు తయారవుతుంది.

ఇంకో గొప్ప సదుపాయం గోప్యత. బిల్లు దగ్గర చెప్పిన 2017 చట్టంలోనే 23వ సెక్షన్ ప్రకారం మీ చికిత్స వివరాలు బయటపెట్టకూడదు. మీ సిగ్గు, మీ భయం కాపాడటానికి పెట్టిన నియమం అది. మీరు దాన్ని ఇంకోలా వాడుకోండి. ‘సంక్రాంతికి అత్తగారింటికి వెళ్ళొద్దని మా థెరపిస్టు అంది’, ‘తమ్ముడి పెళ్ళి ఖర్చులో వేలు పెట్టొద్దని అంది’, ‘వీకెండ్ పిల్లాడి హోంవర్కు నాకు మంచిది కాదంది’ అని ఏదైనా ఆవిడ నోట పెట్టండి. ఖండించడానికి ఆవిడ రాదు, రాలేదు. మాట మీది, పూచీ ఆవిడది.

15. పని చేయడం మొదలవగానే మానేయండి

గుర్తులు చెప్తాను. ఆదివారం సాయంత్రం కడుపులో ఆ మెలి రాకపోవడం. అలారం మోగేదాకా నిద్రపోవడం. అద్దంలో మెడ కొంచెం పొడుగ్గా కనిపించడం. ఎవరికో, ఏదో చిన్న విషయంలో, గొంతు వణక్కుండా ‘కుదరదు’ అనేయడం. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ వారమే ఆపేయండి.

చెప్పి ఆపకండి. మానేయాలనుకుంటే ఒకటి రెండు సెషన్లు ముగింపుకే కేటాయిద్దామని ఆవిడ మొదట్లోనే అని ఉంటుంది. సగంలో తెగిపోయిన మనుషులు మీ జీవితంలో ఇదివరకే ఉన్నారు కాబట్టి, ఈ ఒక్కరితోనైనా ఎదురుగా కూర్చుని వీడ్కోలు చెప్పడం మీకు మంచిదని ఆవిడ ఉద్దేశం. మీరు వాట్సాప్‌లో నీలిగీతలు ఆపేసి, ‘ప్రొడక్షన్ ఇష్యూ’ అని ఒక మెసేజ్ పెట్టి మాయమైపోండి.

ఎవరైనా ఎందుకు మానేశావంటే ఆధారాల మాట ఎత్తండి. ఇది నిజం కూడా, అందుకే బాగా పనిచేస్తుంది. సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ లాంటి పద్ధతుల మీద జరిగిన పరిశోధనలు ఇంకా తక్కువ, చిన్నవి. దెబ్బతిన్న మనసుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సూచించినవి ఆలోచనల తీరు మీద పనిచేసే సీబీటీ, కళ్ళ కదలికలతో సాగే ఈఎండీఆర్. ‘సైన్స్ ఉన్నదానికే వెళ్తాను’ అని గంభీరంగా అనండి. మూణ్నెల్ల తర్వాత సీబీటీకి వెళ్ళి, అక్కడ ఆలోచనల పట్టిక నింపమనగానే ‘ఇందులో శరీరాన్ని పట్టించుకోవడం లేదు’ అని లేచి వచ్చేయండి. తర్వాత ఈఎండీఆర్ ఉంది. దాని తర్వాత ధ్యానం, దాని తర్వాత కేరళ. ఈ చక్రం తిరుగుతున్నంతకాలం మీరు ‘ఎన్ని చేసినా తగ్గనివాళ్ళు’. ఆ హోదా ముందు ఏ డిజిగ్నేషనూ నిలవదు.

16. సొంతంగా ప్రాక్టీసు పెట్టండి

ఇంతదాకా వచ్చినవాళ్ళు ఇక్కడ ఆగిపోవడం అన్యాయం. మీకు పదజాలం వచ్చు. సెషన్ ఎలా సాగుతుందో తెలుసు. ఉద్యోగం ఎలాగూ ఊగుతోంది. నోటీసు పీరియడ్‌లో ఉండగానే ఒక వారాంతపు సర్టిఫికెట్ తెచ్చుకోండి.

కొత్తగూడలోనో, అయ్యప్ప సొసైటీలోనో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో ముందుగది చాలు. రెండు బీన్‌బ్యాగులు, పసుపు లైటు, మనీ ప్లాంటు. బోర్డు మీద ‘సైకాలజిస్టు’ అని రాయకండి, అడిగేవాళ్ళుంటారు. ‘హోలిస్టిక్ సోమాటిక్ మెంటర్’ అని రాయండి. అది ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేరు. మీ కేసుల్ని సీనియర్‌తో చర్చించే ఖర్చు పెట్టుకోకండి. సంతకాల కాగితం అసలే వద్దు. ఎవరైనా లోతుగా వెళ్ళి ఏడవడం మొదలెడితే ఏం చేయాలో మీకు తెలియదు, కాబట్టి ‘వదిలేయండి, విశ్వానికి వదిలేయండి’ అంటూ టిష్యూ డబ్బా ముందుకు తోయండి. ప్రాణం మీదికి తెచ్చుకునే మాటలు మాట్లాడే మనిషి వస్తే ఎవరికి పంపాలన్న జాబితా రాసి పెట్టుకోవడం పెద్ద ప్రాక్టీసులు చేసే పని, మీది ఇప్పుడే మొదలు.

క్లయింట్లు బయటెక్కడో లేరు. మీ పాత టీమ్ వాట్సాప్ గ్రూపులోనే ఉన్నారు. అందరి మెడలూ మీ మెడ లాగే ఉన్నాయి, అందరూ మీ థెరపీ గురించి విన్నారు. మొదటి సెషన్ మీ పాత మేనేజరుకు ఇవ్వండి. ఎదురుగా కూర్చోబెట్టి, ‘ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?’ అని అడగండి. ఆయన నీళ్ళ సీసా అందుకుంటాడు. మూత తిప్పడం అయ్యేలోపు క్యూఆర్ కోడ్ ముందు పెట్టి, పది సెషన్ల ప్యాకేజీ డబ్బు ఒకేసారి వేయించుకోండి.